తల్లిగనిలో ఇద్దరు అన్నలు

"దొంగా! తాడు కోసిన చేత్తోనే రాజదండం పట్టుకుంటావా? తోడబుట్టినవాణ్ణి గోతిలో వదిలేసి, నాన్న ఎదుట ఏ మొహం పెట్టుకుని నిలబడతావురా? ఒరే మంత్రగాడా, వీడికి ఈ బుద్ధి పుట్టించింది నువ్వు! గని కావలివాళ్లారా, మీరు కళ్లారా చూశారు. ఒక్కడైనా చెయ్యి అడ్డం పెట్టలేదు! ఇది మీరందరూ కలిసి చేసిన పని!"

లవణాద్రి రాజ్యపు పెద్ద యువరాజు కంకణుడు ముప్పై బారల లోతున, ఉప్పుగని అడుగున నిలబడి, మెడ వెనక్కి విరుచుకుని ఇలా అరుస్తున్నాడు. తెగిన తాడు అతని కాళ్ల దగ్గర చచ్చిన పాములా పడి ఉంది. పైన గని నోరు పళ్లెమంత కనిపిస్తున్నది. ఆ పళ్లెం అంచున రెండు తలలు. ఒకటి తమ్ముడు చారుదేవుడిది, రెండోది మాంత్రికుడు ఘూకకేతుది.

జరిగింది ఇది. లవణాద్రికి రాజు కావలసినవాడు ముందుగా తల్లిగనిలోకి ఒంటరిగా దిగి, తన చేత్తో ఒక ఉప్పురాయి కొట్టి తేవాలి. ఆ గని ఉప్పు నాలుక మీద పెడితే ముందు చేదు, ఆ తరువాత తీపి. భూమ్మీద మరెక్కడా అలాంటి ఉప్పు లేదు. ముసలి రాజు ముందు దాన్ని రుచి చూస్తాడు. తరువాత తెచ్చినవాడి నాలుక మీద చిటికెడు వేసి, 'ఇక నేల నీది' అంటాడు. అదే ఉప్పుమాట. ఒకసారి అన్నాక ఆ రాజు కూడా దాన్ని వెనక్కి తీసుకోలేడు. శరభపాల మహారాజుకు చూపు పోయి పదేళ్లయింది. నాలుక మాత్రం పోలేదు.

గనికి మరో కట్టుబాటు ఉంది. రాయి ముందు, మనిషి తరువాత. కొట్టిన రాయిని తాడుకు కట్టి పైకి పంపాలి. అది చేరాక ఖాళీ తాడు మనిషి కోసం దిగుతుంది. ఈ కట్టుబాటు పెట్టినవాడు ఎవడో గానీ, గనిలో ఒక్క పూటైనా పనిచేసినవాడు మాత్రం కాదు.

కంకణుడు కట్టుబాటు తప్పలేదు. రాయి పంపాడు. పైనుంచి తాడు వచ్చింది, మనిషి కోసం కాదు, ముక్కలుగా.

"ఇంకా తిట్టు యువరాజా, ఇంకా తిట్టు!" అంటూ ఘూకకేతు పకపకా నవ్వాడు. అతని చేతిలో నల్లటి శంఖం ఒకటి గని నోటి మీదికి వంగి ఉంది. "నువ్వు అరిచిన ప్రతి మాటా ఇందులో పడుతున్నది. నూరు మాటలు నిండితే నీ గొంతు మా చిన్నదొరది. గుడ్డి మహారాజు ముందు నీ గొంతుతో నీ తమ్ముడు మాట్లాడతాడు. సభలో కళ్లున్నవాళ్లంతా మా మనుషులే. ఇంక ఎన్నో లేవు, పదో పన్నెండో!"

కంకణుడు టక్కున నోరు మూశాడు. పళ్లు బిగించి, పిడికిలితో ఉప్పుగోడను గుద్దాడు. పిడికిలి చెక్కుకుపోయి, రక్తంలోకి ఉప్పు దిగి భగ్గున మండింది. అయినా కిక్కురుమనలేదు.

చారుదేవుడు ముందుకు వంగాడు. ఎంతో ప్రేమగా పిలిచాడు.

"అన్నయ్యా! నీకో సంగతి చెప్పనా? అమ్మ పోయేరోజు నువ్వు వేటకు వెళ్లావు గుర్తుందా? చివరిదాకా నీ పేరే కలవరించింది. నీకు కబురు పెట్టమని నన్ను కాళ్లావేళ్లా పడి అడిగింది. నేను పెట్టలేదు."

"ఒరేయ్! అమ్మకు కూడా ద్రోహం చేశావా? నిన్ను నా చేత్తో చంపుతాను! చంపుతానురా చారూ..."

అంతే. చివరి మాట సగంలో తెగిపోయింది. కంకణుడి గొంతులోంచి చల్లటి దారమేదో జర్రున ఊడి పైకి పోయినట్టయింది. మళ్లీ అరవబోయాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. పైన తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. అచ్చం కంకణుడి గొంతుతో, కంకణుడి లాగే కాస్త బొంగురుగా అన్నాడు:

"నాన్నగారూ, రాయి తెచ్చాను. రుచి చూడండి." తరువాత కిందికి చూసి నవ్వాడు. "ఎలా ఉందన్నయ్యా? సభలో మూడు గంటలు మోగుతాయి. మూడో గంట మోగేలోపే ఉప్పుమాట. వస్తాను మరి."

ఇనుప మూత కిర్రుమంటూ జరిగింది. పళ్లెం అర్ధచంద్రం అయింది, కొడవలి అయింది, గీత అయింది. తరువాత ఏమీ లేదు.

చీకట్లో కంకణుడు ఏడవలేదు, దేవుణ్ణి పిలవలేదు. ఎందుకంటే అంత తీరిక దొరకలేదు. సొరంగం లోపలినుంచి చప్పుడు వినిపించింది. బండ మీద తడిగుడ్డ ఈడ్చినట్టు, సర్ర్... సర్ర్... నడుముకు దోపుకున్న ఉలి లాగేలోపే జిగురుగా, గరుగ్గా, తాడంత పొడవున్న నాలుక ఒకటి అతని కాలిని చుట్టేసి ఒక్క గుంజు గుంజింది. వెల్లకిలా పడ్డాడు. నేల మీద ఉప్పుపెళ్లలు వీపు చీరేస్తుంటే, ఆ నాలుక అతన్ని బరబరా లాక్కుపోతున్నది.

దూరంగా మినుకుమంటూ ఒక ప్రమిద కదిలింది. ఆ వెలుగులో కనిపించింది ఆ జంతువు. దున్నపోతంత ఉడుము! తెల్లగా, ఒళ్లంతా ఉప్పు పెచ్చు కట్టి, కళ్లు ఉండాల్సిన చోట నున్నటి చర్మంతో, నోరు బార్లా తెరిచి ఉంది. కంకణుడు ఉలితో నాలుకను పొడిచాడు. ఉలి జారింది. మళ్లీ పొడిచాడు, మళ్లీ జారింది.

"పొడవాక! అది నీ రగతం కోసం కాదు, చెమట కోసం వచ్చె!" అని ప్రమిద వెనకనుంచి ఒక ఆడగొంతు కేక వేసింది. "ఆ పట్టుగుడ్డ విప్పి ఇసిరెయ్! ఇసిరెయ్‌వయ్యా, మొహమాటమేంది!"

కంకణుడు తడిసి ముద్దయిన ఉత్తరీయాన్ని లాగి దూరంగా విసిరాడు. నాలుక కాలిని వదిలింది. ఉడుము గిరుక్కున తిరిగి, జరీ అంచు ఉత్తరీయాన్ని చప్పరించడం మొదలుపెట్టింది. ఈలోగా ఒక గట్టి చెయ్యి కంకణుడి జుట్టు పట్టుకుని, గోడలోని సన్నటి సందులోకి దూర్చి, తనూ దూరి, సందుకు బండ అడ్డం పెట్టేసింది.

"ఆ మంత్రగాడు పెంచి వదిలిన పురుగు అది. మేం పని చేస్తా ఉంటే ఈపులు నాకనీకి వస్తాది" అని ఆమె ప్రమిదను అతని మొహం మీదికి ఎత్తింది. నలభై ఏళ్లు దాటిన మనిషి. కనురెప్పల మీద కూడా ఉప్పు పేరుకుని ఉంది. "నా పేరు చౌడమ్మ. ఈ గనిలో మేస్త్రిని. నువ్వెవరప్పా? చేతికి కంకణాలు, చెవులకు పోగులు. తప్పతాగి పడ్డావా, ఎవరైనా తోసిరా?"

కంకణుడికి గుసగుస మాత్రం మిగిలింది. "నేను... ఈ రాజ్యానికి వారసుణ్ణి" అని ఊదాడు.

చౌడమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంకొకడు వచ్చెరా నాయనా! రా, రా. ముందొచ్చినాయన లోపల ఉండాడు."

ఆమె వెనకే పాకి అవతలికి తేలిన కంకణుడు నిలువునా నిలబడిపోయాడు. అది గుహ కాదు, మహాసభ. నూరు స్తంభాల తెల్లటి మండపం. పైకప్పు నుంచి ఉప్పు జాలువారి, జారుతూ జారుతూ ఆగిపోయిన జలపాతాల్లా వేలాడుతున్నది. ప్రమిదల వెలుగు తగిలిన చోటల్లా గోడలు దానిమ్మ గింజల రంగులో మెరుస్తున్నాయి. అడుగున అద్దంలాంటి మడుగు, ఆ మడుగులో తలకిందులుగా మరో మహాసభ. చూడటానికి అందంగానే ఉంది. అక్కడ బతకాలి, అప్పుడు తెలుస్తుంది.

బతుకుతున్నవాళ్లు నలభైమంది. అందరూ తాడు మీద దిగినవాళ్లే, మళ్లీ ఎక్కినవాళ్లు లేరు. ఆడా మగా, అరికాళ్లు పగిలినవాళ్లు, వేళ్లు లేనివాళ్లు. పైకప్పులో ఒక బొక్క ఉంది, గంప పట్టేంత, మనిషి పట్టనంత. దానిగుండా రోజూ నలభై గంపల రాయి పైకి పోతుంది. అన్ని గంపలూ పోతేనే నూనె, గంజి కిందికి వస్తాయి. లవణాద్రి ఉప్పు పన్నెండు దేశాల వాళ్లు తింటారు. అది ఎవడు తవ్వాడని పన్నెండు దేశాల్లో ఒక్కడూ అడగడు.

మండపం నడుమ, ఏనుగంత లావున్న స్తంభానికి ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గడ్డం నాభి దాకా ఉంది. ఆయన తలెత్తి, "ఎవరు చౌడమ్మా?" అన్నాడు.

కంకణుడు ఆ గొంతు గుర్తుపట్టాడు. అది నాన్న గొంతు! పొద్దున సింహాసనం మీదనుంచి తనను దీవించి పంపిన గొంతు, అదే బరువు, అదే విరుపు. దగ్గరికి పోయి మొహం చూశాడు. అదే ముక్కు, అదే నుదురు.

"వారసుడంట దొరా" అంది చౌడమ్మ. "గొంతు పోగొట్టుకొని వచ్చినాడు."

"నా గొంతు శంఖంలోకి దొంగిలించారు. తాడు కోశారు. నా తమ్ముడు..." అని గుసగుసలాడాడు కంకణుడు.

ముసలాయన అతని చెంప తడిమాడు. "శరభుడి కొడుకువా? నేను మేఘపాలుణ్ణి. మీ నాన్న అన్నని. కవలలం, ఘడియ ముందు పుట్టాను. ముప్పై రెండేళ్ల కిందట ఇదే గనిలోకి దిగాను. రాయి కొట్టాను, పైకి పంపాను. తాడు రాలేదు. మా ఇద్దరికీ మొహమూ ఒకటే, గొంతూ ఒకటే. అందుకని వాడికి శంఖం అవసరం కూడా లేకపోయింది. ఉప్పుమాట పడ్డాకే తన పేరు బయటపెట్టాడు."

పెదనాన్న వేటలో పులికి బలయ్యాడని అంతఃపురంలో కంకణుడికి చెప్పారు. ఏటేటా ఆయన పేరున నువ్వులూ నీళ్లూ వదిలింది తనే. ఆ మాటే గొణిగాడు.

"నువ్వు వదిలిన నీళ్లు నాకు అందలేదురా నాయనా" అన్నాడు మేఘపాలుడు. "గంజి వదిలి ఉంటే బాగుండేది."

కూలీలు ఘొల్లున నవ్వారు. అంతలోనే స్తంభం లోపలినుంచి, ఎముకల్లోకి దిగేలా ఒక మోత వినిపించింది.

ఢణ్!

"మొదటి గంట!" కంకణుడు స్తంభం వైపు చూశాడు. "ఇంత దగ్గరగా ఎలా వినిపిస్తున్నది?"

"ఎందుకు వినిపించదు?" చౌడమ్మ స్తంభాన్ని అరచేత్తో కొట్టింది. "పైన మీ రాజు కూర్చునే ఉప్పుపీఠం ఉంది చూడు, అది ఈ కంబం తలకాయే! కొండను తొలిచి నగరు కట్టినోళ్లు పైన తలను చెక్కి పీఠం చేసినారు. కాళ్లు మాకు వదిలినారు. నడిమధ్య ఒక చీలిక ఉంది. వాళ్లు తుమ్మినా మాకు వినబడతాది."

కంకణుడి కళ్లు మెరిశాయి. సమ్మెట అందుకున్నాడు. "అయితే ఇదిగో దారి! ఈ స్తంభాన్ని కొడితే పైన పీఠం అదురుతుంది. భయపడి తాడు దించుతారు. ముందు నన్ను పైకి పోనివ్వండి. వారసుణ్ణి కాబట్టి నేనే ముందు. నేను వెళ్లి..."

"వెళ్లి?" చౌడమ్మ అడ్డం వచ్చింది. "వెళ్లి పీఠమెక్కి, మమ్మల్ని మరిచిపోయి, దినమూ నలభై గంపలు అడుగుతావు. మీ నాయిన అడగలా? పది దినాలు గంజి నిలిపేసి అడిగె. ఏడుగురిని ఈ మడుగులోనే వదిలితిమి. నువ్వు వారసుడివంట! దేనికప్పా వారసుడివి? దొంగ సొమ్ముకా?"

కంకణుడి మొహం మాడిపోయింది. సమ్మెట కింద పెట్టేశాడు. తమ్ముడు తన దగ్గర దొంగిలించింది తనది కాదు. అది తన తండ్రి దొంగిలించి దాచిపెట్టింది. అసలు సొంతదారు గోచీగుడ్డతో ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

ఢణ్! రెండో గంట.

"ఇన్నేళ్లు ఈ స్తంభం మీద ఒక్క దెబ్బ పడనివ్వలేదు నేను" అన్నాడు మేఘపాలుడు నెమ్మదిగా. "ఇది విరిగితే పైన సభ కూలుతుంది, కింద మనమూ నలిగిపోతాం. వీళ్లు ఎన్నిసార్లు సమ్మెట ఎత్తారో! పైన కూర్చున్నవాడు నా తమ్ముడురా, వద్దురా అని ఆపుతూ వచ్చాను. చీలికలోకి ఒక్క కేక కూడా వెయ్యనివ్వలేదు. ఎప్పుడో ఒకనాడు వాడే మూత తీస్తాడనుకున్నాను."

"తీసినాడా?" అంది చౌడమ్మ.

ముసలాయన తల దించుకున్నాడు.

"ముప్పై రెండేండ్లు నీ తమ్ముడి మీది ప్రేమకు మేం గంజి తాగితిమి దొరా. చాలు. నేను కొడతా. చస్తే అందరం ఒకటేసారి చస్తాం. ఆ పీఠం మాత్రం మిగలదు."

చౌడమ్మ సమ్మెట ఎత్తింది. ఆమె వెనక ముప్పైతొమ్మిది సమ్మెటలు లేచాయి. కంకణుడు ఒక్క అంగలో వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. గుసగుసను ఎంత పెద్దగా ఊదగలడో అంత పెద్దగా ఊదాడు:

"ఆగు చౌడమ్మా! ఒక్క దెబ్బ. ఒక్కటే! పీఠం అదరాలి, విరగకూడదు. ఆ తరువాత పెదనాన్న మాట్లాడాలి. మా నాన్నకు చూపు లేదు. ఆయనకు తెలిసిందల్లా గొంతే. తన గొంతు తనకు కిందినుంచి వినిపిస్తే ఉప్పుమాట నోట్లోనే ఆగిపోతుంది. తాడు దిగితే నాది ఆఖరి వంతు. అందరూ ఎక్కాకే నేను. నా మాట మీద నమ్మకం లేకపోతే నన్ను ఈ స్తంభానికే కట్టెయ్యండి."

చౌడమ్మ అతని కళ్లలోకి చూసింది. తరువాత నడుముకు చుట్టుకున్న పగ్గం విప్పి, నిజంగానే అతన్ని స్తంభానికి కట్టేసింది. రెండు ముళ్లు వేసింది.

"నమ్మకం లేదు, అందుకే" అంది. "మంచి మాట చెప్పినావులే. ఊపిరి బిగపట్టు."

దభీమని దెబ్బ పడింది. స్తంభం అడుగునుంచి తలదాకా మూలిగింది. పైకప్పు నుంచి తెల్లటి పెచ్చులు వానలా రాలి మడుగులో పడ్డాయి. వీపు ఆనించి ఉన్న కంకణుడికి తన పక్కటెముకలే విరిగినట్టు అనిపించింది. పైన సభలో హాహాకారాలు. ఎవరో పళ్లెం జారవిడిచిన చప్పుడు. తరువాత చీలికలోంచి శరభపాలుడి గొంతు:

"ఏమిటది? భూకంపమా?"

వెంటనే కంకణుడి గొంతు, ఆ గొంతులో చారుదేవుడు: "ఏమీ లేదు నాన్నగారూ. గనిలో పెళ్లలు రాలాయి. వేళ మించిపోతున్నది. నోరు తెరిచాను. ఉప్పు వెయ్యండి, మాట అనండి."

స్తంభానికి కట్టి ఉన్న కంకణుడు తన గొంతు తనను అమ్మేస్తుంటే విన్నాడు. పగ్గంలో గింజుకున్నాడు. మేఘపాలుడి వైపు తిరిగి, "పెదనాన్నా! ఇప్పుడే!" అని ఊదాడు.

మేఘపాలుడు లేచాడు. తూలుతూ, చౌడమ్మ భుజం పట్టుకుని చీలిక దగ్గరికి వచ్చాడు. పైన శరభపాలుడు గొంతు సవరించుకున్నాడు. "ఇక... నేల..." అన్నాడు.

"శరభా!"

పైన ఉప్పుమాట తెగిపోయింది.

"ఎవరది?" శరభపాలుడి గొంతు సన్నబడింది. "నా గొంతుతో నా కింద మాట్లాడేది ఎవరు?"

"ఘడియ ముందు పుట్టినవాణ్ణి."

"అన్నా..?" అన్నాడు రాజు. ఆ ఒక్క మాటలో డెబ్భై ఏళ్ల ముసలివాడు పోయి, తప్పు చేసి దొరికిపోయిన కుర్రవాడు మిగిలాడు.

"వినకండి మహారాజా! అది పిశాచం!" అని ఘూకకేతు అరిచాడు. అడుగుల చప్పుళ్లు. కత్తులు దూసిన చప్పుళ్లు. చారుదేవుడు కంకణుడి గొంతుతోనే, "గంజిబొక్క దగ్గరికి పరిగెత్తండి! మరిగే నూనె పొయ్యండి! ఒక్కడూ మిగలకూడదు!" అని భటులను తరుముతున్నాడు. ఆ వెనకే మూడో గంట, ఢణ్ మంటూ స్తంభాన్ని నిలువునా వణికించింది. చౌడమ్మ సమ్మెట మళ్లీ ఎత్తింది. ఈసారి పగిలిన చోటికే గురిపెట్టింది.

మేఘపాలుడు చీలికకు నోరు ఆనించాడు. ముప్పై రెండేళ్లుగా అరవని అరుపు అరిచాడు:

"శరభా! నీ ముందు నోరు తెరిచి నిలబడ్డవాడు నీ చిన్నకొడుకు. పెద్దవాడు నా పక్కన, స్తంభానికి కట్టేసి ఉన్నాడు. నువ్వు నాకు చేసింది నీ చిన్నవాడు నీ పెద్దవాడికి చేశాడు. ఏడవకు, ఏడుపు తరువాత! నీ వేళ్ల మధ్య ఉన్న ఆ చిటికెడు ఉప్పు నేల మీద పారెయ్. నూనె మోసేవాళ్లను వెనక్కి పిలువు. ఇనుప మూత తీయించి, తాడు దించు. గట్టి తాడు. నలభైమంది ఎక్కాలి, నీ కొడుకు ఎక్కాలి, చివరికి నేను ఎక్కాలి. రాజ్యం ఎవరిదో నలుగురి ఎదుట, వెలుతురులో తేల్చుకుందాం. నువ్వు అవునంటావా కాదంటావా అని నేను అడగడం లేదు. ఇక్కడ ఒక ఆడమనిషి సమ్మెట ఎత్తి నిలబడింది, ఆమె చేతులు నొప్పి పెడుతున్నాయి. తాడు దించు శరభా! ఇప్పుడే దించు!"